కారు నడిరోడ్డు మీద ఆగిపోతే చేతిలో ఏముండాలి? మల్టీటూల్ కొనే ముందు ఈ విషయాలు చూసుకోండి

ఒకే పిడిలో కటింగ్ ప్లేయర్, కత్తి, స్క్రూడ్రైవర్, రంపం, బాటిల్ ఓపెనర్.. ఆన్‌లైన్‌లో చూస్తే మల్టీటూల్ భలే ముచ్చటగా ఉంటుంది. "21 పనిముట్లు ఒకేదాంట్లో" అని రాసి ఉంటే వెంటనే కొనేస్తాం. ఇంటికొచ్చాక కారు డిక్కీలో పడేస్తాం. అక్కడితో దాని సంగతి మర్చిపోతాం. నిజంగా ప్రమాదం వచ్చినప్పుడు అది చేతికి అందదు. అందినా అసలు కావాల్సిన పని దానితో అవ్వదు.

కారు కోసం మల్టీటూల్ కొనేవాళ్లు ఎన్ని పనిముట్లు ఉన్నాయో లెక్కపెట్టడం మానేసి రెండే ప్రశ్నలు వేసుకోవాలి. సీటు బెల్టు బిగుసుకుపోయి, డోర్ తెరుచుకోకపోతే ఇది నన్ను బయటపడేస్తుందా? బెల్టు పెట్టుకుని కూర్చున్నప్పుడే ఇది నా చేతికి అందుతుందా? ఈ రెండింటికీ "అవును" అనే సమాధానం వస్తేనే మిగతావి చూడాలి. గుంటూరు, పల్నాడు, బాపట్ల, ప్రకాశం జిల్లాల రోడ్ల మీద తిరిగేవాళ్లకు ఇది ఎందుకు ముఖ్యమో, ఎలాంటిది ఎంచుకోవాలో వివరంగా చూద్దాం.

మల్టీటూల్ పుట్టింది కూడా కారు ట్రబుల్ వల్లే

ఇప్పుడు మనం చూస్తున్న ప్లేయర్ టైపు మల్టీటూల్ వెనక ఒక పాత కారు కథ ఉంది. అమెరికాకు చెందిన టిమ్ లెదర్‌మ్యాన్ 1975లో భార్యతో కలిసి యూరప్ టూర్‌కి వెళ్లారు. తక్కువ ధరకు కొన్న పాత ఫియట్ కారులో తిరిగారు. అది తరచూ మొరాయించేది. ఆయన జేబులో మడత కత్తి ఉంది గానీ ప్లేయర్ లేదు. కత్తికి ప్లేయర్ కూడా ఉంటే బాగుండు అన్న ఆలోచన అక్కడే వచ్చింది. డిజైన్ తయారు చేసి, పేటెంట్ తెచ్చుకుని, మార్కెట్లోకి వచ్చేసరికి 1983 అయింది. ఇవాళ లెదర్‌మ్యాన్ అంటే ఈ రంగంలో పెద్ద బ్రాండ్. స్విట్జర్లాండ్‌కి చెందిన విక్టోరినాక్స్ అంతకంటే చాలా పాతది. ఎర్ర పిడి మీద తెల్ల శిలువ గుర్తు ఉండే స్విస్ కత్తులు ఆ కంపెనీవే.

అంటే మల్టీటూల్ పుట్టింది చిన్న చిన్న రిపేర్ల కోసం. ప్రమాదం నుంచి బయటపడటం అనేది తర్వాత వచ్చి చేరింది. అందుకే ఖరీదైన మల్టీటూల్స్ అన్నింటికీ బెల్టు కట్టర్, అద్దం పగలగొట్టే మొన ఉండవు. ధర ఎక్కువ పెట్టాం కదా, అన్నీ ఉంటాయిలే అనుకోవద్దు.

మన రోడ్ల మీద అసలు ముప్పు ఎక్కడుంది?

మన ప్రాంతంలో మూడు సీజన్లు, మూడు రకాల ఇబ్బందులు.

అక్టోబర్ నుంచి జనవరి దాకా పత్తి లోడ్లు రోడ్డెక్కుతాయి. పక్కలకు పొంగిన పత్తి బోరేలతో ట్రాక్టర్లు రోడ్డు సగం ఆక్రమిస్తాయి. వెనక రిఫ్లెక్టర్ స్టిక్కర్ లేని ట్రాలీ రాత్రి పూట దగ్గరికి వచ్చేదాకా కనిపించదు.

జనవరి తర్వాత మిర్చి. ఏప్రిల్, మే వరకు గుంటూరు మిర్చి యార్డుకు, చుట్టుపక్కల కోల్డ్ స్టోరేజీలకు టిక్కీల లోడ్లు వస్తూనే ఉంటాయి. లోడు నుంచి జారిన నైలాన్ తాడు, చినిగిన పట్టా ముక్క, గోనె సంచి రోడ్డు మీద పడుతుంటాయి. అవి కారు కిందకి వెళ్లి చక్రానికో, యాక్సిల్‌కో చుట్టుకుంటే బండి ఆపక తప్పదు.

ఇక వానలు, తుపాన్లు. 2023 డిసెంబర్ 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గరే తీరం దాటింది. ఇలాంటప్పుడు వాగులు రోడ్ల మీదుగా పారతాయి. 2024 ఆగస్టు 31న గుంటూరు జిల్లా పెదకాకాని మండలం ఉప్పలపాడు దగ్గర కారు వాగులో కొట్టుకుపోయింది. అందులో ఉన్న ఒక టీచర్, ఇద్దరు విద్యార్థులు చనిపోయారు. వర్షం వల్ల స్కూలుకి సెలవు ఇవ్వడంతో ఇంటికి వెళ్తుండగా జరిగిన ఘటన అది.

అదే ఏడాది మే 14 అర్ధరాత్రి దాటాక చిలకలూరిపేట మండలంలో ప్రైవేట్ బస్సు, టిప్పర్ ఢీకొని మంటలు వచ్చాయి. ఓటు వేసి చినగంజాం వైపు నుంచి హైదరాబాద్‌ వెళ్తున్న ప్రయాణికుల బస్సు అది. ఆరుగురు చనిపోయారు. 2025 అక్టోబర్ 24న కర్నూలు దగ్గర చిన్నటేకూరులో బస్సు కాలిపోయి 19 మంది ప్రయాణికులు ప్రాణాలు కోల్పోయారు. అక్కడ బతికిన వాళ్లలో పలువురు అద్దాలు పగలగొట్టుకుని బయటకు దూకినవాళ్లే.

ఈ ఘటనల్లో చేతిలో ఒక పనిముట్టు ఉంటే అందరూ బతికేవాళ్లని ఎవరూ చెప్పలేరు. కానీ నీళ్లయినా, నిప్పయినా మనకు దొరికేది చాలా తక్కువ టైం. ఆ టైంలో బెల్టు, అద్దం.. ఈ రెండే అడ్డు. కాబట్టి మల్టీటూల్ ఎంపిక కూడా ఇక్కడి నుంచే మొదలవ్వాలి.

మొదటి పరీక్ష: బెల్టు కోస్తుందా?

మామూలు కత్తితో బెల్టు కోయొచ్చు కదా అనిపిస్తుంది. కోయొచ్చు. కానీ కంగారులో, చీకట్లో, తలకిందులుగా ఉన్న కారులో మొన తేలిన కత్తి పట్టుకుంటే బెల్టు కంటే ముందు ఒళ్లు తెగుతుంది. పక్క సీట్లో పిల్లలుంటే ఇంకా ప్రమాదం.

అందుకే బెల్టు కట్టర్ కొక్కెంలా వంపు తిరిగి ఉండాలి. పదును లోపలి వైపు మాత్రమే ఉండాలి. బెల్టును ఆ వంపులో దూర్చి లాగితే తెగిపోవాలి. వేలు అందులోకి దూరకూడదు.

కోసేటప్పుడు బెల్టును ఒక చేత్తో గట్టిగా లాగి పట్టుకోవాలి. వదులుగా ఉంటే తెగదు. అడ్డంగా కాకుండా కాస్త ఏటవాలుగా లాగాలి. భుజం మీద నుంచి వచ్చే పట్టీ, నడుము మీది పట్టీ.. రెండూ చూసుకోవాలి. ఒకటి కోసినా రెండోది కాలికో, చేతికో చుట్టుకుని ఉండొచ్చు.

ఇంకో మాట. బెల్టు బిగుసుకుపోతుందేమో అన్న భయంతో బెల్టే పెట్టుకోకపోవడం తెలివితక్కువ పని. గుద్దుకున్నప్పుడు స్పృహలో ఉంటేనే కదా బయటకు రాగలిగేది. ఆ స్పృహ మిగిలేలా చూసేది బెల్టే.

రెండో పరీక్ష: అద్దం పగులుతుందా?

ఇక్కడ చాలామందికి తెలియని విషయం ఒకటుంది. కారు అద్దాలన్నీ ఒకటి కాదు.

ముందు అద్దం లామినేటెడ్. రెండు గాజు పలకల మధ్య ప్లాస్టిక్ పొర ఉంటుంది. కొడితే బీటలు వారుతుంది తప్ప ఊడిరాదు. దాన్ని పగలగొట్టి బయటపడదాం అనుకుంటే టైం వేస్ట్.

పక్క అద్దాలు, వెనక అద్దం చాలా కార్లలో టెంపర్డ్. ఇవి గట్టిగా ఉంటాయి కానీ సన్నటి మొనతో ఒక్క చోట దెబ్బ పడితే మొత్తం చిన్న చిన్న ముక్కలైపోతుంది. మనం బయటపడే దారి ఇదే.

అయితే లోపలికి శబ్దం రాకూడదని కొన్ని కొత్త కార్లలో, ముఖ్యంగా ఖరీదైన మోడళ్లలో, ముందు డోర్ల అద్దాలు కూడా లామినేటెడ్ పెడుతున్నారు. అమెరికాలో ఏఏఏ అనే వాహనదారుల సంస్థ 2019లో ఆరు రకాల పనిముట్లను పరీక్షించింది. టెంపర్డ్ అద్దాన్ని నాలుగు పగలగొట్టాయి. లామినేటెడ్ అద్దాన్ని ఒక్కటి కూడా ఛేదించలేకపోయింది.

మీ కారులో ఏముందో తెలుసుకోవడం ఈజీ. ప్రతి అద్దం కింది మూలలో చిన్న ముద్ర ఉంటుంది. కంపెనీ పేరు పక్కన టెంపర్డ్ అనో, లామినేటెడ్ అనో ఇంగ్లీషులో రాసి ఉంటుంది. స్పష్టంగా లేకపోతే షోరూంలో అడగండి. ముందు డోర్లు లామినేటెడ్ అయితే వెనక డోర్ అద్దమే మీ ఎమర్జెన్సీ డోర్. ఇంట్లో కారు నడిపే అందరికీ ఈ విషయం తెలిసి ఉండాలి.

సుత్తి మొనా? స్ప్రింగ్ పంచ్‌నా?

అద్దం పగలగొట్టే మొనలు రెండు రకాలు.

ఒకటి పిడి చివర గట్టి లోహపు మొన. చేయి ఊపి కొట్టాలి. కారు నీళ్లలో మునిగి ఉంటే చేయి ఊపడానికి నీళ్లే అడ్డం పడతాయి. దెబ్బ బలంగా తగలదు.

రెండోది స్ప్రింగ్ పంచ్. అద్దానికి ఆనించి నొక్కితే చాలు, లోపల స్ప్రింగ్ విడుదలై మొన తాకుతుంది. చేయి ఊపే పని లేదు. పెద్దవాళ్లు, బలం తక్కువున్నవాళ్లు కూడా వాడొచ్చు. ఏఏఏ పరీక్షల్లో కూడా స్ప్రింగ్ రకమే మెరుగ్గా పనిచేసింది. తాళం చెవికి తగిలించుకునే సైజులో బెల్టు కట్టర్, స్ప్రింగ్ పంచ్ కలిపి వచ్చేవి ఉన్నాయి. రెస్క్‌మీ అలాంటిదే.

ఏ రకమైనా సరే, దెబ్బ అద్దం మధ్యలో కాదు, మూలకు దగ్గర్లో పడాలి. ముఖం పక్కకు తిప్పుకోవాలి. చేతికి కండువానో, చున్నీనో చుట్టుకోవాలి.

హెడ్‌రెస్ట్ వీడియో నిజమేనా?

సీటు మీద హెడ్‌రెస్ట్ ఊడదీసి దాని ఇనుప కడ్డీతో అద్దం పగలగొట్టొచ్చని, కంపెనీలు అందుకే అలా తయారు చేశాయని ఒక వీడియో వాట్సాప్‌లో తిరుగుతూనే ఉంటుంది. హెడ్‌రెస్ట్ పెట్టింది వెనక నుంచి గుద్దినప్పుడు మెడ విరగకుండా కాపాడటానికి. అద్దం పగలగొట్టడానికి కాదు. ఏ దారీ లేనప్పుడు ప్రయత్నించొచ్చు గానీ, దాన్ని నమ్ముకుని అసలు పనిముట్టు కొనకుండా ఉండొద్దు. కొన్ని కార్లలో హెడ్‌రెస్ట్ సీటుతో కలిసే ఉంటుంది, ఊడిరాదు కూడా.

మూడో పరీక్ష: చిన్న రిపేరుకు పనికొస్తుందా?

ప్రాణాపాయం లేనప్పుడు, కారు సేఫ్‌గా పక్కకు ఆగినప్పుడు మల్టీటూల్‌తో ఈ పనులు చేసుకోవచ్చు:

• చక్రానికి చుట్టుకున్న తాడు, పట్టా ముక్క కోయడం. రంపపు పళ్లున్న బ్లేడు అయితే నైలాన్ తాడు త్వరగా తెగుతుంది. ఇంజిన్ ఆపి, హ్యాండ్ బ్రేక్ వేశాకే చేయి పెట్టాలి.

• ఫ్యూజు మార్చడం. సన్నటి ముక్కు ఉన్న ప్లేయర్‌తో లాగొచ్చు. తీసిన ఫ్యూజు ఎంత ఆంపియర్లో అదే వేయాలి. రంగులు గుర్తుపెట్టుకుంటే చాలు: 10 ఎరుపు, 15 నీలం, 20 పసుపు, 30 ఆకుపచ్చ. ఎక్కువ ఆంపియర్ వేస్తే వైరింగ్ కాలిపోతుంది.

• బంపర్ కింద వేలాడే ప్లాస్టిక్ గార్డును కోయడం, లేదా ట్యాగ్‌తో కట్టేయడం.

• వదులైన హోస్ క్లిప్పు, నంబర్ ప్లేటు స్క్రూ బిగించడం. ఇంజిన్ వేడిగా ఉంటే రేడియేటర్ మూత జోలికి వెళ్లొద్దు. లోపలి వేడి నీళ్లు పైకి చిమ్మి ముఖం కాలిపోతుంది.

• వదులైన బ్యాటరీ టెర్మినల్ బిగించడం. దీనికి చాలా కార్లలో 10 నంబర్ పానా కావాలి. ప్లేయర్‌తో తిప్పితే నట్టు అంచులు అరిగిపోయి ఆ తర్వాత మెకానిక్‌కి కూడా కష్టమవుతుంది. అందుకే మల్టీటూల్ పక్కన ఒక 10 నంబర్ పానా పెట్టుకోండి.

బ్యాటరీ దగ్గర ఒక జాగ్రత్త. మల్టీటూల్ పిడి మొత్తం లోహమే. ప్లస్ టెర్మినల్‌కీ, కారు బాడీకీ ఒకేసారి తగిలితే షార్ట్ అవుతుంది. బ్యాటరీ విప్పాల్సి వస్తే ముందు మైనస్, తర్వాత ప్లస్. బిగించేటప్పుడు ముందు ప్లస్, చివర్లో మైనస్.

మల్టీటూల్‌తో చేయకూడని పనులు

• చక్రం నట్లు విప్పడం. దానికి కారుతో వచ్చిన వీల్ పానా, జాకీనే వాడాలి. మల్టీటూల్ విరిగి చేయి తెగుతుంది.

• టైరులో దిగిన మేకు పీకడం. ట్యూబ్‌లెస్ టైరులో మేకు ఉన్నంతసేపు గాలి మెల్లగా పోతుంది. పీకితే ఒక్కసారిగా పోతుంది. పంక్చర్ కిట్ చేతిలో ఉంటేనే పీకండి.

• ఎలక్ట్రిక్, హైబ్రిడ్ కార్లలో నారింజ రంగు వైర్లు ముట్టుకోవడం. అవి హై వోల్టేజ్ లైన్లు.

• సీఎన్‌జీ కారులో గ్యాస్ వాసన వస్తుంటే బానెట్ ఎత్తి లోహపు పనిముట్లతో కెలకడం. అందర్నీ దించి దూరంగా వెళ్లాలి.

ఇక స్టెప్నీ సంగతి. టైర్ రిపేర్ కిట్, టైర్ ప్రెజర్ మానిటర్ ఉన్న కార్లకు స్టెప్నీ తప్పనిసరి కాదని 2020లో కేంద్రం రూల్స్ మార్చింది. కొత్త కారు కొన్నవాళ్లు డిక్కీ తెరిచి స్టెప్నీ ఉందో, కిట్ ఉందో ఇవాళే చూసుకోండి. రాత్రి పదకొండింటికి మేదరమెట్ల దాటాక తెలుసుకుంటే లాభం లేదు.

షాపులో, ఆన్‌లైన్‌లో ఏం చూడాలి?

1. బ్లేడు లాక్. తెరిచాక బ్లేడు లాక్ అవ్వాలి. లాక్ లేని బ్లేడు గట్టిగా నొక్కితే మడతపడి వేళ్ల మీదకే వస్తుంది. షాపువాడిని "అన్నా, లాక్ చూపించు" అని అడిగి మరీ చూడండి.

2. ఒంటి చేత్తో తెరుచుకోవడం. రెండో చేయి ఇరుక్కుపోయి ఉండొచ్చు. గోరుతో లాగితే గానీ రాని కట్టర్ ఎమర్జెన్సీకి పనికిరాదు.

3. ప్లేయర్ ముక్కు. మూసినప్పుడు రెండు దవడలు సందు లేకుండా కలవాలి. వెలుతురుకి పెట్టి చూడండి. పిడిని పక్కకు కదిపితే లూజుగా ఊగకూడదు.

4. స్టీలు. స్టెయిన్‌లెస్ అని రాసి ఉంటే సరిపోదు. కంపెనీ పేరు, వారంటీ, తిరిగి ఇచ్చే అవకాశం ఉన్నాయా చూడండి. పేరూ ఊరూ లేని సరుకు వద్దు.

5. సైజు. మూసినప్పుడు సుమారు 10 సెంటీమీటర్లు, బరువు పావు కిలో లోపు ఉంటే డోర్ అరలో పడుతుంది. అంతకంటే పెద్దదైతే డిక్కీకి పోతుంది, అప్పుడు కొని లాభం లేదు.

6. రంగు. నల్ల పిడి చీకట్లో సీటు కింద పడితే దొరకదు. ఎరుపు, నారింజ, పసుపు, లేదా చీకట్లో మెరిసే పిడి మంచిది.

7. లైటు. మల్టీటూల్‌లో బుల్లి లైటు ఉందని మురిసిపోవద్దు. విడిగా తలకు పెట్టుకునే చిన్న లైటు కొంటే రెండు చేతులూ ఖాళీగా ఉంటాయి.

ఎవరికి ఏది?

బడ్జెట్ తక్కువ అనుకునేవాళ్లు: స్ప్రింగ్ పంచ్, బెల్టు కట్టర్ ఉన్న కీచైన్ ఒకటి. దాంతోపాటు లోకల్ హార్డ్‌వేర్ షాపులో టాపారియా లాంటి కంపెనీ కటింగ్ ప్లేయర్, రెండు వైపులా వాడే స్క్రూడ్రైవర్, 10 నంబర్ పానా. ఇవన్నీ విడివిడిగా కొన్నా ఖరీదైన ఒక మల్టీటూల్ కంటే తక్కువే అవుతుంది. పని మాత్రం బాగా జరుగుతుంది. చాలామందికి ఇదే బెస్ట్.

రోజూ గుంటూరు, ఒంగోలు మధ్య తిరిగేవాళ్లు, మిర్చి, పత్తి వ్యాపారం మీద పల్లెలకు వెళ్లేవాళ్లు: ఫుల్ సైజు ప్లేయర్, లాక్ అయ్యే బ్లేడు ఉన్న మల్టీటూల్. లెదర్‌మ్యాన్ వేవ్ లాంటివి ఈ కోవలోవే. అయితే వేవ్‌లో అద్దం పగలగొట్టే మొన ఉండదు. కాబట్టి కీచైన్ పంచ్ దీనికి అదనం.

ముందు డోర్లకు లామినేటెడ్ అద్దాలున్న కారు ఉన్నవాళ్లు: విక్టోరినాక్స్ రెస్క్యూటూల్ ఒక ఆప్షన్. ఇందులో బెల్టు కట్టర్, అద్దం మొన, లామినేటెడ్ అద్దాన్ని కోసే రంపం ఉన్నాయి. కానీ ప్లేయర్ ఉండదు. రంపంతో కోయడానికి టైం పడుతుంది. బయటి నుంచి ఎవరినైనా కాపాడటానికి బాగా ఉపయోగం. లోపల ఇరుక్కున్నవాళ్లకు మాత్రం వెనక టెంపర్డ్ అద్దమే త్వరగా బయటపడే దారి.

ఎక్కడ పెట్టాలి?

డ్రైవర్ సీట్లో కూర్చుని బెల్టు పెట్టుకోండి. కళ్లు మూసుకుని చేయి చాపండి. అందిన చోటే దాని స్థానం. డోర్ అర అయితే దొర్లిపోకుండా వెల్‌క్రోతోనో, పౌచ్‌తోనో బిగించండి. కారు గుద్దుకున్నప్పుడు వదులుగా ఉన్న ప్రతి వస్తువూ గాల్లోకి ఎగురుతుంది. డ్యాష్‌బోర్డు మీద పెట్టిన పావు కిలో ఇనుము ముఖానికే వచ్చి తగులుతుంది.

వెనక సీట్లో కూర్చునేవాళ్లకూ ఒక కీచైన్ పంచ్ ఉంటే ఇంకా మంచిది. చిన్న పిల్లలకు అందే చోట మాత్రం వద్దు.

ఎండ, కారం, ఉప్పుగాలి.. అన్నీ తట్టుకోవాలి

వేసవిలో రెంటచింతల పేరు వార్తల్లో రాని రోజుండదు. ఎండలో ఆపిన కారు లోపల వేడి బయట కంటే చాలా ఎక్కువ. పవర్ బ్యాంకు, లైటర్, లిథియం బ్యాటరీ లైట్లు కారులో వదిలేయొద్దు. మల్టీటూల్‌కి ఏమీ కాదు గానీ ఎండ పడే చోట పెడితే చేయి కాలుతుంది.

నల్లరేగడి మట్టి కీళ్లలోకి వెళ్లి ఎండితే సిమెంటులా గట్టిపడుతుంది. బ్రష్‌తో దులిపి, ఒక చుక్క కుట్టు మిషన్ నూనె వేయండి. చీరాల, బాపట్ల, ఒంగోలు వైపు ఉప్పుగాలికి తుప్పు త్వరగా పడుతుంది. నెలకోసారి తెరిచి మూసి చూసుకోవాలి. మిర్చి టిక్కీల తాడు కోసిన బ్లేడును ఉత్త నీళ్లతో కడిగితే ఘాటు పోదు. కారం ఘాటు నూనెలో కరుగుతుంది, నీళ్లలో కాదు. సబ్బుతో కడగాలి. అదే చేత్తో కళ్లు నులుముకోవద్దు.

కారులో ఉంటే పోలీసులు పట్టుకుంటారా?

ఆయుధాల రూల్స్‌ 2016 ప్రకారం 9 అంగుళాల కంటే పొడవు, లేదా 2 అంగుళాల కంటే వెడల్పు ఉన్న బ్లేడు కత్తులే ఆయుధాల జాబితాలోకి వస్తాయి. ఇల్లు, వ్యవసాయం, పరిశ్రమల పనికి తయారైనవి అందులోకి రావు. మల్టీటూల్ బ్లేడు ఈ కొలతలకు చాలా లోపే ఉంటుంది. అయినా జేబులో పెట్టుకుని సభలకు, కోర్టులకు వెళ్లొద్దు. గన్నవరం నుంచి ఫ్లైట్ ఎక్కుతుంటే చేతి బ్యాగులో ఉంచొద్దు, తీసేసుకుంటారు. చెక్ఇన్ లగేజీలో వేయాలి.

హైవే మీద కారు ఆగితే మొదటి ఐదు నిమిషాలు

పనిముట్టు బయటకు తీయడం చివరి పని. ముందు ఇవి చేయండి.

1. కారు కదులుతుంటే ఎడమ పక్కకు, వీలైతే తారు రోడ్డు దిగి ఆపండి. నాలుగు ఇండికేటర్లూ వేయండి.

2. ట్రాఫిక్ వచ్చే వైపు డోర్ నుంచి దిగొద్దు. ఎడమ వైపు నుంచి అందర్నీ దించి రోడ్డుకు దూరంగా, రెయిలింగ్ అవతలకు పంపండి.

3. రిఫ్లెక్టర్ ట్రయాంగిల్‌ను కారుకి కనీసం 50 మీటర్ల వెనక పెట్టండి. వంపు ఉంటే ఇంకా వెనక్కి. రాళ్లు, చెట్టు కొమ్మలు అడ్డం పెట్టొద్దు. పెట్టినవాళ్లు వెళ్లిపోయాక ఆ రాళ్లే ఇంకో బైకువాడి ప్రాణం తీస్తాయి.

4. నేషనల్ హైవే అయితే 1033కి ఫోన్ చేయండి. కాజ, బొల్లాపల్లి, టంగుటూరు.. ఏ టోల్ ప్లాజా దాటారో, దగ్గర్లో కిలోమీటరు రాయి మీద ఏ నంబరుందో చెప్పండి. దోర్నాల దాటి నల్లమల అడవిలోకి వెళ్తుంటే సిగ్నల్ ఉన్నప్పుడే ఇంట్లో చెప్పి వెళ్లండి.

5. కారు తారు రోడ్డు మీదే ఉంటే రాత్రి పూట వెనక నిలబడి రిపేరు చేయొద్దు. ఐదు నిమిషాల పనే అనిపించినా వద్దు. లోడు లారీకి బ్రేకు అంత త్వరగా పడదు.

వాగులో చిక్కుకుంటే

అన్నింటికంటే ముందు, రోడ్డు మీద నీళ్లు పారుతుంటే దిగొద్దు. అడుగు లోతు పారే నీళ్లకే చిన్న కారు తేలిపోవచ్చు. రెండడుగులైతే పెద్ద బండ్లు కూడా కొట్టుకుపోతాయి. చప్టా కింద రోడ్డు కోసుకుపోయిందో లేదో పై నుంచి కనిపించదు.

కారు నీళ్లలో పడిపోతే ఫోన్ తీయొద్దు. డోర్ కోసం పెనుగులాడొద్దు, బయటి నీళ్ల ఒత్తిడికి అది తెరుచుకోదు. వరుస ఇదీ: బెల్టు తీయాలి, రాకపోతే కోయాలి. వెంటనే అద్దం దించాలి. కరెంటు అద్దాలు మొదటి కొద్దిసేపు పనిచేసే అవకాశం ఉంది. దిగకపోతే పక్క అద్దం మూల దగ్గర పంచ్ నొక్కాలి. ముందు పిల్లల్ని పంపి తర్వాత పెద్దవాళ్లు బయటకు రావాలి. కారు పైకి తేలి ఉన్నంతసేపే అవకాశం.

ఈ వరుస ఆపదలో కొత్తగా ఆలోచించుకునేది కాదు. వచ్చే ఆదివారం కారు ఇంటి ముందు ఆపి, ఇంట్లో అందరితో ఒకసారి చేయించండి. అద్దం పగలగొట్టక్కర్లేదు. బెల్టు పెట్టుకుని, చేయి చాపి, పనిముట్టు తీసి, ఏ అద్దమో వేలు పెట్టి చూపిస్తే చాలు.

ఈ నంబర్లు ఫోన్‌లో సేవ్ చేసుకోండి

నేషనల్ హైవే హెల్ప్‌లైన్: 1033
అంబులెన్స్: 108
ఫైర్: 101
పోలీస్, ఏ ఎమర్జెన్సీకైనా: 112